మత్తడి కింది ప్లాట్లు

టౌన్ ప్లానింగ్‌లో కొత్తగా ఉద్యోగం వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు మొన్న జగిత్యాలలో మా ఇంటికి వచ్చారు. "మేడం, మొదలు ఏం నేర్చుకోవాలె?" అని అడిగారు. కంప్యూటర్‌లో మ్యాపులు గీసే ప్రోగ్రాముల పేర్లు చెబుతాననుకున్నారు పాపం. "పెద్ద వాన పడ్డ తెల్లారి నడుసుడు నేర్చుకోండ్రి. చెప్పులు చేతుల పట్టుకొని నడువాలె" అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మర్యాదగా చాయ్ తాగి వెళ్లిపోయారు. ముసలామెకు చాదస్తం అనుకుని ఉంటారు. అనుకోనీ.

ఆ పూట వాళ్లకు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ జీవోలో ఏముందో రాయను. అవి చదివితే నాకే నిద్ర వస్తుంది. ఈ ఉద్యోగంలో అసలు సంగతి ఒకటే. ఊరు పెరుగుతానంటుంది, కొన్నిచోట్ల భూమి ఒప్పుకోదు. ఎక్కడ ఒప్పుకోదో కట్టకముందే చూసి "ఇక్కడ వద్దు" అని చెప్పడానికే మనకు జీతం ఇస్తారు. కాగితం మీద ప్రతి ఊరూ చదునుగానే ఉంటుంది. ఆ కాగితాన్ని నమ్మి సంతకాలు పెట్టినవాళ్లు హాయిగా రిటైరైపోతారు. అక్కడ కాపురం ఉండేవాళ్లు మాత్రం వాన వచ్చినప్పుడల్లా మంచాల కింద ఇటుకలు పెట్టుకుంటారు.

సిరిసిల్లలో మా సందు

మాది సిరిసిల్ల. నాయిన సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర అట్లాగే అంటారు. ఇల్లు, కార్ఖానా ఒకే కప్పు కింద ఉండేవి. సాంచాల చప్పుడు ఆగితే మాకు నిద్రలో మెలకువ వచ్చేది. మా సందు మొత్తం ఒకప్పుడు చిన్న కుంట. దాన్ని మట్టితో పూడ్చి, ముక్కలు చేసి అమ్మారు. కొన్నవాళ్లందరూ మావంటి వాళ్లే. అగ్గువకు దొరికిందని సంబరపడ్డారు.

గట్టి వాన పడితే నీళ్లు కార్ఖానాలోకి వచ్చేవి. నాయిన ముందు మా పుస్తకాలు, బియ్యం చూసేవాడు కాదు. "బిడ్డా, కండెల గంప మీద పెట్టు! నూలు తడిస్తే సచ్చినం!" అని అరిచేవాడు. తడిసిన నూలుతో నేసిన గుడ్డను మాకు పని ఇచ్చే సేఠ్ తీసుకోడు. నేను, అవ్వ కండెల గంపలు నెత్తిన పెట్టుకుని నిలబడేవాళ్లం, నాయిన చెంబుతో నీళ్లు తోడేవాడు. ఓసారి అట్లా నిలబడే అడిగాను, "నాయినా, నీళ్లు మన ఇంట్లకే ఎందుకత్తయే?" అని.

"మన ఇంట్లకు నీళ్లు అత్తలేవు బిడ్డా. మనమే నీళ్ల జాగల అచ్చి కూసున్నం" అన్నాడు. చాలా కోపంగా అన్నాడు. ఆ కోపం వాన మీద కాదు, ఆ జాగ అమ్మినవాడి మీద, అమ్మడానికి ఒప్పుకున్నవాడి మీద. ఆ ఒప్పుకునే కుర్చీలోనే తర్వాత నేను కూర్చున్నాను. నాయిన కోపం నాకు ఆస్తిగా వచ్చింది. దాన్ని ఖర్చు పెట్టకుండా దాచుకున్నానని ఎవరూ అనలేరు.

పురుషోత్తం సారు

నాకు మొదటి పోస్టింగ్ జగిత్యాలలో. మా ఆఫీసర్ పురుషోత్తం సారుకు కోపం ముక్కు మీద ఉండేది. చేరిన వారానికే ఒక లేఔట్ చూసి రమ్మన్నారు. మండుటెండలో పోయి, కొలిచి, చెమటలు కక్కుతూ వచ్చాను.

"ఏం చూసినవమ్మా?" అన్నారు.

"చదునుగా ఉంది సార్. పొడి భూమి."

"ఎండాకాలం ఊరంతా పొడిగనే ఉంటది. గది చూసి వచ్చేటందుకు ఆఫీసరెందుకు? వాన పడ్డంక పో. నీళ్లు ఏ మూల నుంచి వచ్చినయి, ఏ మూలకు పోయినయి, రెండు రోజులైనా పోకుండ యాడ నిలబడ్డయి, గవి చూసి రా."

నాకు ఏడుపొచ్చింది, ఆడపిల్లనని చిన్నచూపు చూస్తున్నాడనుకున్నాను. తొలకరికి మళ్లీ పోయాను. ఎండలో చదునుగా కనిపించిన చోట మోకాలి లోతు బురదలో దిగబడ్డాను. ఆఫీసుకు అట్లాగే పోతే సారు నా కాళ్లు చూసి మొదటిసారి నవ్వారు. "ఇప్పుడు రాయి రిపోర్టు" అన్నారు.

ఆయన నాకు నేర్పిన ఇంకో పాఠం ఆయన సొంత పొరపాటు. కొండగట్టు పోయే వైపు ఒక గుట్ట వాలులో ఇండ్లకు ఆయనే అనుమతి ఇచ్చారు. ఎత్తు జాగ, నీళ్లు నిలబడవు, ఇంకేం కావాలి అనుకున్నారట. తీరా ఇండ్లు లేచాక తెలిసింది, జానెడు మట్టి కింద అంతా బండ. మురుగు పోయే మోరీ తవ్వుదామంటే గునపం దిగలేదు. లెట్రిన్ గుంతలో నీళ్లు ఇంకలేదు, పొంగి పక్కింటి గోడ వెంట కారాయి. తోటాలు పెట్టి బండ పేలిస్తే కొత్త గోడలు పగిలాయి. సారు నన్ను అక్కడికి తీసుకుపోయి, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని నిలబడి, "గిది నేను చేసిన పని సరోజనా. మంచిగ చూడు" అన్నారు. ఒక ఇల్లాలు బయటికి వచ్చి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన తల వంచుకుని మొత్తం విన్నారు. వెళ్లిపోదామని నేను చెయ్యి లాగినా కదల్లేదు.

కాబట్టి ఎత్తు జాగ మంచిది, పల్లం చెడ్డది అని బట్టీ పట్టకండి. నేల కింద ఏముందో తవ్వి చూడండి. నల్లరేగడి అయితే ఎండలో నెర్రెలు విచ్చి పునాదిని కదిలిస్తుంది. బండ అయితే మురికిని మింగదు. చిన్నవాగును ఒర్రె అంటాం. ఒర్రె ఇసుక అయితే అది ఇంకా ఎవరి కోసమో ఎదురు చూస్తున్నదని అర్థం. ఆ మూడో సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

తుమ్మలకుంట

కోరుట్లలో పనిచేస్తున్నప్పుడు తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. మనుషుల పేర్లు, కుంట పేరు మారుస్తున్నాను. తుమ్మలకుంట అనుకోండి. పైచెరువు నిండితే దీనిలోకి, ఇది నిండితే కిందిచెరువులోకి నీళ్లు పోయేట్టు పాతకాలంవాళ్లు గొలుసుగా కట్టిన కుంటల్లో ఇదొకటి. నిండాక మిగిలిన నీళ్లు దాటి దుంకే రాతిగోడను మత్తడి అంటాం. మత్తడి దుంకిన నీళ్లు ఒర్రెలో పడి కిందిచెరువుకు నడిచిపోవాలి.

కానీ తుమ్మలకుంట మత్తడి దుంకక ఏండ్లు గడిచాయి. ఒర్రెను మెల్లగా దున్నేసుకున్నారు. కొన్నాళ్లు అక్కడ చెరుకు పండి, బండ్ల మీద ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి పోయింది. తర్వాత రాజేశం ఆ పొలాలన్నీ కలిపి కొని, చదును చేయించి, తెల్లసున్నం వేసిన రాళ్లు పాతి వెంచర్ చేశాడు. నక్షాలో ఒర్రె గీత ఉంది, అందరికీ తెలుసు. తెలిసినా ఎవరికీ నమ్మకం లేదు. రాని నీళ్లకు దారి ఎందుకు అనేదే అందరి మాట.

రాజేశం దొంగ కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఉద్యమంలో ముందుండేవాడు. రోడ్డు మీద వంటావార్పు పెడితే బియ్యం ఆయనవే. పోలీసులు పట్టుకుపోతే నవ్వుకుంటూ వ్యాన్ ఎక్కేవాడు. మంచి గొంతు, మంచి మాట. పేదవాళ్లకు వాయిదాల మీద ప్లాట్లు ఇస్తున్నానని నిజంగానే గర్వపడేవాడు. ఆ వాయిదాల ప్లాట్లన్నీ కింది వరుసలో, సరిగ్గా ఒర్రె మీద ఉన్నాయి. రోడ్డు వైపు మెరక ప్లాట్లు షాపులు కట్టేవాళ్ల కోసం ఆపిపెట్టుకున్నాడు.

కింది వరుసలో కొన్నవాళ్లలో సుజాత ఒకతి. బీడీలు చేసేది. భర్త మస్కట్‌లో కూలి. తాతల కాలం నుంచీ వాళ్లకు గుంటెడు జాగ లేదు, ఎవరి చేలోనో పని, ఎవరి గోడకో ఆనించి వేసుకున్న గుడిసె. భర్త పంపిన ప్రతి పైసా ఆ ప్లాటులో పోసింది. నేను సంతకం పెడితే వాళ్లకు ఇల్లు. పెట్టకపోతే సున్నం రాళ్ల మధ్య ఖాళీ నేల. నేను పెట్టనన్నాను.

సమ్మె టెంటులో

అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులన్నీ మూతపడ్డాయి. మేమంతా రోడ్డు పక్కన టెంటు కింద కూర్చున్నాం. ఒకరోజు రాజేశం మైకు పట్టుకుని, "మా నీళ్లు మాకు కావాలె! మా చెర్లు నిండాలె! మా మత్తడులు దుంకాలె!" అని ఉరిమాడు. చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను. మైకు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మేడం, గా ఫైలు. సమ్మెకు ముందటి తారీకు ఏసి సంతకం పెట్టుండ్రి. పైసారు గూడ సరేనన్నడు. గరీబోళ్లు ఎదురుచూత్తన్నరు."

"రాజేశం, ఇప్పుడే మైకుల ఏమంటివి?"

"ఏమన్న?"

"మత్తడి దుంకాలె అంటివి గద. దుంకినయనుకో. ఆ నీళ్లు యాడ పోత్తవు? సుజాత ఇంట్లనా?"

పక్కన కూర్చున్న టీచరమ్మలు కిసుక్కున నవ్వారు. రాజేశం మొహం ఎర్రబడింది. "మనోళ్లే మనకు అడ్డం పడితె ఎట్ల మేడం? గీ రూల్సన్ని హైదరాబాద్‌ల కూసున్న ఆంధ్రోళ్లు రాసినయి. రేపు మన రాష్ట్రం మనకత్తె గివన్ని మన ఇష్టం."

"రూలు పక్కకు పెట్టు. ఆ మత్తడి ఎవలు కట్టిండ్రు? ఆంధ్రోళ్లా? మీ తాతలు, మా తాతలు కట్టిండ్రు. దుంకిన నీళ్లకు తొవ్వ పెట్టింది గూడ వాళ్లే. నేను వాళ్ల రూలే చెప్తున్న."

ఆయన లేచి వెళ్లిపోయాడు. సాయంత్రానికి నా పై అధికారి ఫోన్ చేశారు. "అంత పట్టుదల ఎందుకమ్మా? గొడవల్లో ఎవరూ చూడరు. పెట్టేయ్" అన్నారు. "సార్, నేను సమ్మెలో ఉన్నాను. కలం ముట్టను" అన్నాను. సమ్మె నాకు అట్లా కూడా పనికొచ్చింది. ఆయన "నీ ఇష్టం, తర్వాత నన్ను అనకు" అని పెట్టేశారు. ఆ మాట అర్థం నాకు బాగానే తెలుసు.

ఆ రాత్రి వచ్చిన బెదిరింపు ఫోన్లకు నేను భయపడలేదు. మరునాడు సుజాతకు మాత్రం భయపడ్డాను. బీడీ చాట చంకలో పెట్టుకునే వచ్చింది, పని ఆపి రావడానికి తీరిక లేక. టెంటు బయటే నిలబడి, అందరూ వినేట్టు అడిగింది.

"మా ఆయన మస్కట్‌ల పది మందితోని ఒక్క అర్రల పండుకుంటడు మేడం. ఎందుకు? గా జాగ కోసం. ప్రభువు ఇన్నేండ్లకు ఒక జాగ సూపెట్టిండనుకున్నం. నువ్వు వద్దంటన్నవు. నీకు ఇల్లుంది గద!"

ఏ రూలు చెప్పినా ఆ మాటకు జవాబు కాదు. ఆమె చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది.

"సుజాతా, నీకు జాగ వద్దంటలేను. గా జాగ వద్దంటన్న. నీళ్లత్తె నీ బీడాకు, నీ బియ్యం, నీ పిల్లలు ఏమైతరో నాకు ఎరుక. నేను నూలు గంప నెత్తిన పెట్టుకొని నిలవడ్డదాన్ని."

"ఏం నీళ్లు? నేను పుట్టినకాడికెళ్లి ఆడ నీళ్లు సూడలె!"

"నీకు ఎత్తు మీది వరుసల ప్లాటు ఇప్పియ్యకపోతే నా పేరు సరోజననే కాదు."

"నీ పేరుతోని నాకేం పని?" అని చాట సర్దుకుని వెళ్లిపోయింది. నేను పట్టు మాత్రం వదల్లేదు. ఇట్లాంటి రోజు మీకూ వస్తుంది. మీరు సరైన పని చేస్తున్నప్పుడు మిమ్మల్ని తిట్టేవాళ్లు చెడ్డవాళ్లే అయి ఉంటే ఈ ఉద్యోగం చాలా సులువు.

బతుకమ్మ గుంత

సమ్మె మధ్యలోనే బతుకమ్మ పండుగ వచ్చింది. ఆ ఏడు బతుకమ్మ అంటే ఉద్యమమే. రోడ్ల మీద, ఆఫీసుల ముందు, టెంట్ల పక్కన ఆడాము. సద్దుల బతుకమ్మ నాడు మాత్రం ఎవరి వాడవాళ్లు ఎప్పుడూ వేసే నీళ్లలోనే వేస్తారు. ఎండిపోయిన చోట్ల గుంత తవ్వి ట్యాంకరుతో నీళ్లు నింపడం మా ఊళ్లలో అలవాటు. ఎప్పుడూ మునిసిపాలిటీవాళ్లు చేసే పని అది. ఈసారి వాళ్లూ సమ్మెలో ఉన్నారు. తుమ్మలకుంట వాడ ఆడవాళ్లకు రాజేశం మాట ఇచ్చాడు, "నేను తవ్విపిత్త, నా ట్యాంకరు పెడ్త, మీకేం ఫికరద్దు" అని.

పొద్దుగాల జేసీబీ వచ్చి, ఏటా పారలతో తవ్వేదాని కంటే లోతుగా గుంత తవ్వింది. సాయంత్రం మేమంతా టెంటు నుంచి బతుకమ్మలతో ఊరేగింపుగా పోయాం. పోయి చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుంత తవ్వింది రాజేశం వెంచర్లోనే, కింది వరుసలో. ఒడ్డున పోసిన మట్టి మట్టి కాదు, కడిగినట్టున్న ఒర్రె ఇసుక. అడుగు నుంచి చల్లగా ఊట ఊరుతోంది. తుమ్మలకుంటలో ఆ రోజు సగం నీళ్లే ఉన్నాయి. అయినా కట్ట కింది నుంచి పాత ఒర్రె ఇసుక వెంట నీళ్లు నడుస్తూనే ఉన్నాయి. పైన చదును చేసినవాళ్లకు ఆ సంగతి తెలియలేదంతే.

ట్యాంకరు డ్రైవరు పైపు చేత్తో పట్టుకుని తికమకగా నిలబడ్డాడు. "సేఠూ, నీళ్లు పొయ్యాల్నా, వద్దా? గీడ ముందుగాల్నే ఉన్నయి గద!" అని గట్టిగా అడిగాడు. రాజేశం "ఆగరా" అని కసిరాడు.

ఆడడం, పాడడం అయ్యింది. సుజాత కూడా వచ్చింది. చర్చికి పోయేవాళ్లు, బతుకమ్మ పేర్చరు. ఈసారి తెలంగాణ కోసం అందరూ రావాలన్నారని వచ్చి, ఒడ్డున దూరంగా నిలబడింది. బతుకమ్మలను నీళ్లలోకి వదలబోతుంటే గుంత ఒడ్డు ఒక పక్క బుస్సున జారింది. ఇసుకతో పాటు సున్నం వేసిన హద్దురాయి ఒకటి వంగి, మెల్లగా నీళ్లలోకి పోయింది. సుజాత అరిచిన అరుపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"అయ్యో, అది నా రాయి!"

బతుకమ్మను సాగనంపే పాట ఆగిపోయింది. నేను రాజేశం వైపు తిరిగాను. గొంతు పెంచలేదు, పెంచాల్సిన అవసరం లేకపోయింది.

"రాజేశం, ఇంత పెద్ద వెంచరుంది. మీద రోడ్డు పక్కకు తవ్విపియ్యకపోతివి. గీడనే ఎందుకు తవ్విపిచ్చినవు?"

"ఎన్కటి కాలం నుంచి ఆడోళ్లు గీడనే ఏత్తరు గద మేడం!"

"గీడనే ఎందుకేత్తరు?"

"ఎందుకేంది? మత్తడి నీళ్లు..." అని ఆగిపోయాడు.

"బతుకమ్మ ఎయ్యాలంటె గిది నీళ్ల జాగ. సుజాతకు అమ్మాలంటె గిది ఇండ్ల జాగ. రెండు ఒక్కటే ఎట్లయితది, నువ్వే చెప్పు."

చెప్పే అవకాశం ఆడవాళ్లు ఇవ్వలేదు. "మా కాళ్ల కింద నీళ్లు పెట్టి అమ్మినవా అన్నా?" అని ఒకామె, "మీ ఇల్లు గీడ కట్టుకుంటవా?" అని ఇంకొకామె. సుజాత మాత్రం నీళ్లలో సగం మునిగిన తన రాయిని చూస్తూ నిలబడింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. ఇన్నాళ్లూ ఇల్లు రాదేమోనని భయపడిన మనిషి, ఇల్లు వచ్చి ఉంటే ఏమయ్యేదోనని మొదటిసారి భయపడింది. నాకు గెలిచిన సంతోషం కలగలేదు. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాను. ఈసారి విదిలించుకోలేదు.

మార్చిన నక్షా

సమ్మె ముగిసి ఆఫీసు తెరిచాక రాజేశం వచ్చాడు. గడ్డం పెరిగింది. "నన్ను ఊర్ల నిలవడనిత్తలేరు మేడం. ఏం జేద్దాం, చెప్పుండ్రి" అన్నాడు. ఆ రోజు మేమిద్దరం బల్లకు చెరోవైపు కూర్చుని లేఔట్ మొత్తం కొత్తగా గీయించాం. ఒర్రెకు దాని వెడల్పు దానికి వదిలేశాం. చట్టం ప్రకారం వదలాల్సిన ఖాళీ స్థలం, పార్కు, అన్నీ దాని ఒడ్డుకు తెచ్చాం. నీళ్లు వచ్చిన రోజు పార్కు మునిగినా ఎవరి ఇల్లూ మునగదు. కింది వరుసవాళ్లకు రోడ్డు వైపు మెరక మీద ప్లాట్లు ఇవ్వాలన్నాను. అక్కడ రాజేశం మళ్లీ మొండికేశాడు.

"అవి షాపుల ప్లాట్లు మేడం! నేను మునుగుత!"

"నువ్వు మునిగితె లేత్తవు. సుజాత మునిగితె లెవ్వది" అన్నాను.

నక్షా మీద షాపుల ప్లాట్లను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. చివరికి "రాయుండ్రి" అన్నాడు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ ఒక్క మాట వల్లనే. నేను అప్పుడు సంతకం పెట్టాను. నా సర్వీసులో అంత స్థిమితంగా పెట్టిన సంతకం ఇంకోటి లేదు.

ఆ తర్వాత నాకు సిరిసిల్ల ట్రాన్స్‌ఫర్ వచ్చింది. "తర్వాత నన్ను అనకు" అన్నారుగా పెద్దాయన. నేను ఎవరినీ అనలేదు, సామాను సర్దుకుని పోయాను. పోయిన మొదటి వానకు మా పాత సందులో మళ్లీ నీళ్లు. నేనే ఆఫీసర్ని, ఊరు మాదే, సందు మాదే, అయినా ఏం చేయగలిగాను? మోరీలు వెడల్పు చేయించాను. రెండు చోట్ల కాలువ మళ్లించాను. నీళ్లు మునుపటికంటే తొందరగా పోయాయి, రావడం మాత్రం మానలేదు. కట్టిన ఇండ్లను తీయలేం, కుంటను లేపి ఇంకోచోట పెట్టలేం. కోరుట్లలో ఒక్క నక్షా మార్చడానికి నేను పడ్డ తిట్లు, పోగొట్టుకున్న నిద్ర, అంతా కలిపినా సిరిసిల్లలో ఆ ఒక్క సందు కష్టానికి సరిరావు. కట్టకముందు పడే తిట్లు పడండి. అవి చాలా చవక.

ఇంకో మాట కూడా నిర్మొహమాటంగా చెబుతాను. మన రాష్ట్రం మనకు వచ్చింది, నేను కొట్లాడిన దానికి ఎప్పుడూ చింతించలేదు. కానీ మనదైతే భూమి గుణం మారుతుందనుకున్నవాళ్లను అప్పుడూ చూశాను, ఇప్పుడూ చూస్తున్నాను. "మనోళ్లే గద, కొంచెం చూసుకోండ్రి" అని మీ దగ్గరికి వస్తారు. చాయ్ పోయండి, కూర్చోబెట్టండి, సంతకం మాత్రం వాన పడ్డాకే పెట్టండి.

ఫోన్

నేను రిటైరైన తర్వాత ఒక వానాకాలం ముసురు పట్టి రోజుల తరబడి వదల్లేదు. జగిత్యాలలో మా వాకిట్లో కూడా నాచు పట్టింది. ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఎవరో గట్టిగా అరుస్తున్నారు. వెనక ఏదో హోరు.

"మేడం, నేను సుజాతను! తుమ్మలకుంట మత్తడి దుంకింది!"

నేను లేచి నిలబడ్డాను. "ఇంట్లకచ్చినయా? పిల్లలేరి? సామాను మీద పెట్టినవా?" అని ఒకటే ఊపిరిలో అడిగాను. నాయిన గొంతు నా గొంతులోంచి వచ్చినట్టనిపించింది.

"రాలే మేడం, ఒక్క సుక్క రాలే! మేం గడప కాడ నిలవడి సూత్తన్నం. మా ఆయన గూడ ఉన్నడు, మస్కట్ నుంచి ఇగ మళ్ల పోడు. పార్కంత మునిగింది. పిలగాండ్ల జారుడుబండ గూడ కనవడ్తలేదు."

"మరి ఒర్రె?"

"నిండ పోతంది. నా రాయి ఉండె సూడు, పాతది... దాని మీదికెళ్లి పోతన్నయి నీళ్లు. నిలువెత్తు పోతన్నయి మేడం." నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. "నేను నిన్ను ఎంతెంత మాటలంటి..."

"గవన్ని ఇడిసిపెట్టు" అన్నాను.

"ఆగుండ్రి, ఇనుండ్రి" అని ఫోన్‌ను చేత్తో నీళ్ల వైపు చాపినట్టుంది. ఒక్కసారిగా హోరు నా చెవిలో నిండిపోయింది. నేను కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఆ చప్పుడు విన్నాను. చిన్నప్పుడు నేను విన్న నీళ్ల చప్పుడు మా కార్ఖానా లోపలిది. ఇది బయట, దాని దారిలో అది పోతున్న చప్పుడు.

"ఇనవడ్తందా మేడం?" అని సుజాత అరిచింది.

"ఇనవడ్తంది బిడ్డా" అన్నాను.